తూచింది నేను

నేను కాటాను. కంప్లి, హోస్పేటల నడుమ ఓ చక్కెర ఫ్యాక్టరీ గేటు పక్కన తుప్పు పట్టి పడి ఉన్నాను. ఫ్యాక్టరీ పేరు మాత్రం అడక్కండి.

1932లో దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం వేశాక దేశమంతా మిల్లులు లేచాయి. నేనూ ఆ వంశంలోదాన్నే. విజయనగర రాజుల కాలువల కింద పండిన చెరకు, కన్నడ రైతుదైనా తెలుగు రైతుదైనా, నా పలక మీదికి ఎక్కాల్సిందే. నిండు బండి ఒకసారి, ఖాళీ బండి ఒకసారి తూచేదాన్ని; తేడా చీటీ మీద పడేది. నా కింద పేరుకున్న మట్టిని దులిపే దిక్కులేదు గానీ, తూకం కాస్త అటూఇటూ అయితే దొంగకాటా అన్న తిట్లు నాకే.

మోసమంతా నా ముల్లులోనే ఉందనుకునేవారు పాపం. అసలు తంటా డబ్బు దగ్గర. చెరకు మీద కేంద్రం ఇచ్చిన 1966 నాటి ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే 15 శాతం వడ్డీ కట్టాలి. అయినా సంక్రాంతికి రాసిచ్చిన చీటీ ఉగాదికీ రైతు జేబులోనే నలిగేది.

అలాగని మేనేజరు సుఖంగా లేడు. 1967లో లెవీ వచ్చి, చక్కెరలో 60 శాతం సర్కారు చెప్పిన ధరకే రేషనుకు పోయింది. ఆ వాటా మారుతూ వచ్చి, చివరికి 2013లో పోయింది. చెరకేమో కొద్ది నెలల్లో వచ్చి మీద పడుతుంది. చక్కెర మాత్రం ఏడాది పొడుగునా అమ్ముడుపోవాలి. ఏ నెల ఎంత అమ్మాలో సర్కారు చెప్పే కోటా 2018లో మళ్లీ వచ్చింది. 2018-19లో క్వింటాలు చెరకుకు 275 రూపాయలున్న కేంద్రం ధర 2025-26కు 355 అయింది. కిలో చక్కెర కనీస అమ్మకపు ధర 2019లో 31 దగ్గర ఆగి, 2025లోనూ అక్కడే ఉంది. మేనేజరు బ్యాంకు వడ్డీ లెక్క చెబుతాడు, రైతేమో కూతురి పెళ్లి లెక్క చెబుతాడు. రెండూ నిజమే.

ఒక ఏడు సైరను కూయలేదు. చెరకు లారీలెక్కి దూరపు మిల్లులకు పోయింది, దారిలో ఎండి బరువు తగ్గింది. కొందరు వరికి మళ్లారు. నా ముల్లును ఎవరో పీక్కుపోయారు. పలక మీద మేకలు పడుకుంటున్నాయి. అవి ఎంత తూగుతాయో చెప్పే భాగ్యం కూడా లేదు.

నిన్న పాత ఇనుము వ్యాపారి వచ్చి నన్ను తట్టి చూశాడు. కిలోకు ఇంతని బేరం కుదిరింది. వేరే కాటా మీద తూచి, అక్కడికక్కడే నగదు ఇస్తాడట. నా బరువుకు 14 రోజుల గడువు లేదు.