మా రోజుల్లో ఉజ్జీవం ఊరికే రాలేదు

ఇక్కడ న్యూజిలాండ్‌లో, జాన్సన్‌విల్‌లో మా తెలుగువాళ్ళు హాలు అద్దెకు తీసుకుని ఉజ్జీవ కూటాలు పెడతారు. శుక్ర, శని, ఆదివారాలు. కీబోర్డు, డ్రమ్ములు, తెర మీద పాటలు, యూట్యూబ్‌లో లైవు. ఇండియా నుంచి ప్రసంగీకులు వస్తారు. అందరూ చేతులెత్తుతారు, ఏడుస్తారు, భోంచేస్తారు, వేళకి హాలు తాళాలు అప్పజెప్పి ఇళ్ళకు పోతారు. డబ్బు దగ్గర చెడి మాట్లాడుకోని తోడల్లుళ్ళు ఇద్దరున్నారు. మూడు రోజులూ ఒకే హాల్లో కూర్చుంటారు. సోమవారం మాల్‌లో ఎదురుపడితే మళ్ళీ ఒకరు ట్రాలీ పక్కకు తిప్పుకుంటారు. దీన్ని ఉజ్జీవం అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది ఒంగోలు పక్క పల్లె, మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి. మా ముత్తాత గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం పుచ్చుకున్నవాడు. 1876లో మొదలై 78 దాకా పీడించిన ధాత కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. గింజల కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలి కదా. కూలి పనులు అయిపోయాక కూడా జనం ఆయన్ని వదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఈ అంకెను మన ప్రసంగీకులు వేదికల మీద గొప్పగా చెప్తారు. ఆ నీళ్ళలోకి దిగినవాళ్ళు ఏం వదులుకున్నారో చెప్పరు.

ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. దొరగారు పెట్టిన షరతులు మూడే. ఇవాళ వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ రోజుల్లో మాదిగవాడి కూడు మొత్తం ఆ మూడింటికే ముడిపడి ఉండేది. జాతరలో డప్పు కొట్టను, ఆదివారం కపిల బాన కుట్టను అంటే ఊరు ఊరుకుంటుందా? గింజలు కొలవడం మానేశారు. బావి దగ్గరికి రానివ్వలేదు. కొట్టారు. అయినా మావాళ్ళు వెనక్కి పోలేదు.

ఆ వెల కట్టడం అక్కడితో తీరలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో, క్రైస్తవుడినని రాయించుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేకుండా పోయింది. బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషను రావడానికే చాలా ఏళ్ళు పట్టింది. నన్ను బడిలో వేసినప్పుడు, "ఇంకోలా రాయించరా, పిల్లాడికి స్కాలర్‌షిప్పు వస్తుంది" అన్నారు మేష్టారు. మా నాన్న వినలేదు. క్రైస్తవుడనే రాయించాడు. డబ్బు చాలక మా అన్నయ్య చదువు మధ్యలో ఆగిపోయింది. అన్నయ్య ఆ మాట ఎత్తి నాన్నను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు.

మా ఊరి గుళ్ళో ఒక డిసెంబరు రాత్రి కూటం బాగా గుర్తు. ప్రార్థన మధ్యలో ఒక పెద్దాయన లేచి, తమ్ముడి చెక్కలోకి గట్టు రెండు మూరలు జరిపానని ఒప్పుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థించి కూర్చోబెట్టి ఊరుకోలేదు. "పొద్దున్నే పార తీసుకురా" అన్నారు. తెల్లారాక పల్లె అంతా చూస్తుండగా ఆయన ఆ గట్టు తవ్వి పాత చోటికి వేశాడు. తమ్ముడు పలకలేదు, చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం తమ్ముడింటి నుంచి అన్నగారింటికి కూర గిన్నె వెళ్ళింది, ఎన్నో ఏళ్ళ తర్వాత.

హైదరాబాదు హెబ్రోను మందిరంలో ప్రసంగీకుడు భక్తసింగ్ గారి సభలకు కుర్రతనంలో వెళ్ళాను. చందాలు అడిగేవారు కాదు. అందరూ ఒకే బంతిలో కూర్చుని ప్రేమ విందు తినేవాళ్ళం. మా జిల్లా రెడ్డిగారొకాయన నా పక్కనే కూర్చుని తిన్నారు. ఊళ్ళో అయితే ఆయన అరుగు మీద నేను కూర్చోగలనా?

మరి ఇక్కడికొచ్చి ఏం చేస్తున్నాం? సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపులో "రెడ్డి క్రిస్టియన్", "కమ్మ క్రిస్టియన్", "మాల క్రిస్టియన్" అని రాసుకుంటున్నారు. జీతం బ్యాంకులో పూర్తిగా వేసి, కొంత నగదుగా వెనక్కి పుచ్చుకునే యజమానులు ఈ దేశంలో ఉన్నారు. వీసా భయంతో కుర్రాళ్ళు నోరెత్తరు. అలాంటి యజమాని ఒకడు కూటంలో ఏడ్చి, సోమవారం ఆ డబ్బు లెక్కగట్టి కుర్రాడి చేతిలో పెడితే ఉజ్జీవం వచ్చిందని నేనే ఊరంతా చాటుతాను. బైబిల్లో జక్కయ్య చేసిందదే కదా. 2023 జనాభా లెక్కల్లో న్యూజిలాండ్‌లో 51.6 శాతం తమకు మతం లేదని రాశారు, క్రైస్తవులమన్నవాళ్ళు 32.3 శాతం. ఆ అంకెలు చూపించి ఈ దేశాన్ని మార్చమని ప్రార్థిస్తున్నారు మనవాళ్ళు. ముందు మన వాట్సాప్ మారాలి.

ఈ నేలకు వెల తెలియక కాదు. 1836లో టారోరె అనే మావోరీ పిల్లను దాడికొచ్చిన వేరే తెగవాళ్ళు చంపారు. ఆమె తల కింద పెట్టుకున్న లూకా సువార్త పుస్తకాన్ని చంపినవాడు పట్టుకుపోయాడు. పగ తీర్చుకోవద్దని ఆమె తండ్రి న్గాకుకు తనవాళ్ళను ఆపాడు. చంపినవాడు తర్వాత ఆయన దగ్గరికే క్షమాపణకు వచ్చాడని చెప్పుకుంటారు. ఆ పుస్తకం చేతులు మారి, జాన్సన్‌విల్‌కి గంట ప్రయాణంలో ఉన్న ఓటకి దాకా వచ్చిందట. అక్కడి మహా యోధుడు టె రౌపరాహా కొడుకు టామిహానా సువార్త నమ్మి, తన తండ్రి ఎవరి మీద యుద్ధాలు చేశాడో ఆ దక్షిణ దీవి తెగల దగ్గరికే దాన్ని పట్టుకెళ్ళాడు. తండ్రి చంపించినవాళ్ళ బంధువుల మధ్యకు కొడుకు అడుగుపెట్టాడంటే ఏం తెగువ కావాలో ఆలోచించండి.

వచ్చే నెల కూటాల కరపత్రం మళ్ళీ వచ్చింది. మూడు రోజులూ వెళ్తాను. మొదటి రాత్రి సాక్ష్యాలకు మైకు ఇస్తారు కదా, లేచి సంఘ పెద్దల్నే అడుగుతాను: మన పిల్లల పెళ్ళి వివరాల్లో కులం గడి తీసేస్తారా, లేదా? జవాబు చెప్పేదాకా మైకు వదలను.