రాజుగారి విల్లు, రైతు భుజం

ఇంగ్లండ్ దేశభక్తులకు ఒక విల్లుంది. పేరు లాంగ్‌బో. ఆ పేరెత్తితే చాలు, 1346లో క్రెసీ, 1415లో అజిన్‌కోర్ట్ అంటూ మీసం మెలేస్తారు. స్వేచ్ఛాజీవి అయిన ఆంగ్లేయ రైతు తన పెరట్లో చెట్టు కొట్టి, విల్లు చెక్కుకుని, సెలవు రోజున సరదాగా సాధన చేసి, ఫ్రెంచి దొరల పొగరణిచాడట. కథ బాగుంది. అందులో రైతు ఒక్కడే నిజం.

ముందు చెట్టు సంగతి. మేలైన విల్లుకు యూ కర్ర కావాలి. ఆ దుంగను నిలువునా చీల్చి, లోపలి ఎర్రటి చేవ విలుకాడి వైపుకూ, బయటి తెల్లకర్ర గురి వైపుకూ వచ్చేలా చెక్కుతారు. చేవ నొక్కుడుకు ఓర్చుకుంటుంది, తెల్లకర్ర సాగుడుకు ఓర్చుకుంటుంది. రెండు రకాల కర్రలు అతికించే పని లేకుండా ప్రకృతే ఇచ్చిన జోడింపు అది. చిక్కల్లా ఒక్కటే. ముడుల్లేకుండా నిటారుగా పెరిగిన యూ ఇంగ్లండ్‌లో అరుదు. అందుకని 1472లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: వెనిస్ లాంటి చోట్ల నుంచి వచ్చే ఓడలు ప్రతి టన్ను సరుకుకూ నాలుగు విల్లుకర్రలు దించాలి. 1484లో మూడో రిచర్డు ఇంకో మెట్టెక్కి, పీపాడు మామ్సీ వైనుకు పది కర్రల లెక్క కట్టాడు. ఇలా కర్ర విదేశీ, మోసుకొచ్చిన ఓడ విదేశీ, వెంట వచ్చిన వైనూ విదేశీ. విల్లు మాత్రం స్వదేశీ! సొమ్మొకడిది, సోకొకడిది. ఈ సోకు కోసం బవేరియా, ఆస్ట్రియా కొండల్లో యూ అడవులు బోడిగుండ్లయ్యాయి. వాటికి ఏ విజయస్తంభమూ లేదు.

చెట్ల తర్వాత బాతులు. 1417లో అయిదో హెన్రీ ఒక్కో పెద్దబాతు రెక్కల్లోంచి ఆరేసి ఈకలు అప్పగించమన్నాడు, బాణాలకు కట్టడానికి. అంతకు ముందే, 1416లో, చెక్కచెప్పులు చేసేవాళ్లు ఆస్పెన్ కర్ర ముట్టకూడదని శాసనం వచ్చింది. ఆ కర్ర బాణాలకు కావాలట. అయిదో హెన్రీ యుద్ధాల వెనక వీరరసం ఎంతుందో గానీ, రెక్కలు ఊడిన బాతులూ చెప్పులు దొరకని కాళ్లూ మాత్రం ఉన్నాయి.

ఇక ఆ సరదా సాధన. 1363లో మూడో ఎడ్వర్డు సెలవు రోజుల్లో ఒళ్లు బాగున్న ప్రతి మగాడూ విల్లు పట్టాలని చాటించాడు. బంతాటలు, కోడిపందేలు మానకపోతే జైలు. కోడిపందేల మీద నిషేధాజ్ఞ ఎంత ఘనంగా అమలవుతుందో మన గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడా అంతే. లేకపోతే 1388లో ఒకసారి, 1541లో మరోసారి అదే పాట ఎందుకు పాడతారు? ఎనిమిదో హెన్రీ కాలానికి ఏడేళ్ల పిల్లాడికి తండ్రే విల్లూ రెండు బాణాలూ కొనిపెట్టాలి. ఇరవైనాలుగు దాటినవాడు 220 గజాలకు తక్కువ దూరంలో గురి పెడితే జరిమానా. అదే విల్లును రాజుగారి అడవిలో జింక మీద ఎక్కుపెడితే, అది వేరే నేరం. పట్టకపోతే తప్పు, తిండికోసం వాడితే తప్పు. చంపాలి, కానీ రాజు చూపించిన జీవినే చంపాలి.

ఆ సాధన ఒంటి మీద ఏం రాసిందో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌక దాచిపెట్టింది. ఎనిమిదో హెన్రీ ఒడ్డున నిలబడి చూస్తుండగానే మునిగిందది. ఆ ఓడలోంచి 137 విల్లులు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. దాదాపు రెండు మీటర్ల పొడవు. వాటి నారి లాగాలంటే 45 నుంచి 80 కిలోల బరువు లాగినట్టే. తోడుగా దొరికిన అస్థిపంజరాలు కొన్నింటిలో, యౌవనంలోనే అతుక్కోవలసిన భుజపుటెముక కొస అతుక్కోనే లేదు. చిన్ననాటి నుంచీ నారి లాగినందువల్లేనని పరిశోధకులు అనుమానిస్తారు. శాసనాన్ని రాజు తోలుకాగితం మీద రాయించాడు, అది ఎముక మీద అచ్చయింది.

మరి ఈ భుజానికి జీతమెంత? అజిన్‌కోర్ట్ దండయాత్రలో విలుకాడికి రోజుకు 6 పెన్నీలు. నిలువెల్లా ఇనుము తొడుక్కున్న సైనికుడికి 12. దొర పట్టుబడితే విడుదల సొమ్ము బేరం, బందీగా ఉన్నా విందులూ వినోదాలూ. విలుకాడికి బేరం ఉండదు. వాడి ప్రాణానికి ధర కట్టే ఓపిక ఎవరికీ లేదు.

అసలు పెద్దలకు విల్లంటే ఎప్పుడూ ఒళ్లు మంటే. తరతరాల వంశం, గుర్రం, కత్తి, కవచం అన్నీ ఉన్న ప్రభువును ఊరూ పేరూ లేనివాడు దూరం నుంచి పడగొట్టడమేమిటి? 1139లో రోములో జరిగిన రెండో లేటరన్ సభ విలుకాండ్ల, క్రాస్‌బో (అడ్డవిల్లు) వాళ్ల ప్రాణాంతక విద్య దేవుడికి గిట్టదని తేల్చింది. వెంటనే ఒక చిన్న మెలిక: క్రైస్తవుల మీద వాడితేనే. ఎదుటివాడు అన్యమతస్తుడైతే దేవుడు చూపు అటు తిప్పుకుంటాడన్నమాట! పాలస్తీనా యుద్ధాల్లో క్రాస్‌బో బలంతో గట్టెక్కిన మొదటి రిచర్డు 1199లో ఫ్రాన్సులోని షాలూ కోట ముందు కవచం లేకుండా తిరుగుతూ క్రాస్‌బో దెబ్బే తిన్నాడు. పుండు కుళ్లి పోయాడు. 1215 నాటి మాగ్నా కార్టాను స్వేచ్ఛాపత్రమని మనం బళ్లో చదువుకున్నాం. విదేశీ క్రాస్‌బో వాళ్లను దేశంలోంచి తరిమేయాలన్న షరతు కూడా ఆ పత్రంలో ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు.

తర్వాత తుపాకి వచ్చింది. ఏడో ఏట మొదలెట్టి ఎముకలు వంచుకోవలసిన పని కొన్ని వారాల కవాతుతో తెమిలిపోతుంటే రాజులకు విలుకాడితో పనేముంది? 1590లో సర్ జాన్ స్మైత్ అనే పెద్దమనిషి విల్లే గొప్పదని ఒక పుస్తకమే రాశాడు. అయినా 1595లో రాచ సలహామండలి ప్రీవీ కౌన్సిల్ శిక్షణ దళాల్లోంచి విల్లులు తీసేయమంది. రెండు శతాబ్దాలకు పైగా రైతు ఆదివారాలను మింగిన విద్య ఒక ఉత్తర్వుతో పనికిమాలినదైంది. పోయిన ఆదివారాలకు పరిహారం అడిగినవాడు లేడు.

పనికిమాలిందని తేలాక దొరలకు ముద్దొచ్చింది. 1781లో సర్ ఆష్టన్ లీవర్ లండన్‌లో టాక్సోఫిలైట్ (విలువిద్యాప్రియుల) సొసైటీ పెట్టాడు. ఆకుపచ్చ కోట్లు, విందులు, పతకాలు. ఆ తర్వాత వేల్స్ యువరాజు పోషకుడయ్యాడు. గురిబిళ్లకు నడుమ బంగారు రంగు, తాకితే తొమ్మిది పాయింట్లు. దూరాలేమో 100, 80, 60 గజాలు. వాటికి యువరాజు పేరే పెట్టుకున్నారు. ఎనిమిదో హెన్రీ లెక్కన యువరాజుతో సహా అందరి దగ్గరా ముక్కుపిండి జరిమానా వసూలు చేయాల్సిందే.