డబ్బాలు గీశాం, దణ్ణం పెట్టండి

ఆఫీసులో పని నడవకపోతే చేసేవాణ్ని వెళ్లి ఎక్కడ ఆగిందని అడగొచ్చు. కానీ దానికి పైసా ఖర్చు కాదు కనుక ఎవరూ లెక్కచెయ్యరు. కన్సల్టెంటును పిలిచి, పని నడిచే తీరును డబ్బాలూ బాణాలతో చూపే ప్రాసెస్ మ్యాప్ గీయిస్తేనే పరువు.

ఈ విద్య పాతదే. 1921లో ఫ్రాంక్, లిలియన్ గిల్బ్రెత్ దంపతులు అమెరికన్ ఇంజినీర్ల ముందు ప్రాసెస్ చార్టులు పెట్టింది దండగ పనిని పట్టుకుని తీసెయ్యడానికి. మనవాళ్లు దండగ పనికి కూడా ఓ డబ్బా గీసి, రంగేసి, గోడకు తగిలిస్తారు. ఈ బొమ్మల్లో ఏ గుర్తు ఎలా వాడాలో చెప్పే ప్రమాణం బీపీఎంఎన్ 2.0, 2011లో వచ్చింది, 500 పేజీల పైమాటే. అందులో గడియారం గుర్తుంది, ఉత్తరం గుర్తుంది, తప్పు జరిగితే మెరుపు గుర్తు కూడా ఉంది. 'సార్ మూడ్ బాగుందా?' అనేదానికి మాత్రం గుర్తు లేదు.

ట్రావెల్ బిల్లు సంగతే చూడండి. చార్టులో ఉద్యోగి బిల్లు పెడతాడు, మేనేజరు ఆమోదిస్తాడు, అకౌంట్స్ డబ్బు వేస్తుంది. జరిగేది వేరు. పోర్టల్ ఆటో రసీదు అడుగుతుంది. ఆటో డ్రైవరు మొహం అదోలా పెడతాడు. ఉద్యోగే తెల్లకాగితం మీద రసీదు రాసుకుంటాడు. మేనేజరు పాస్‌వర్డ్ పీఏ దగ్గరుంటుంది, పీఏ సెలవులో ఉంటుంది. చివరికి అకౌంట్స్‌లో ఒకాయనకు టీ ఇప్పించి 'అన్నా, కాస్త చూడు' అంటే డబ్బు పడుతుంది. కంపెనీని నడిపే ఆ అన్నకు చార్టులో చోటే లేదు.

ఉండదు మరి. 'యాజ్-ఈజ్', అంటే ఇప్పుడు పని జరిగే తీరు, గీసేది హోటల్ హాల్లో, బాసు ఎదురుగా. పసుపు చీటీల మీద ఎవడైనా రూలే రాస్తాడు గానీ టీ సంగతి రాస్తాడా? ఆ అబద్ధానికి ఇస్త్రీ చేస్తే 'టు-బీ', అంటే ఇకపై జరగాల్సిన తీరు.

దండగ పనిని నిజంగా తీసేసినవాళ్లూ ఉన్నారు. 1990లో మేనేజ్‌మెంట్ రచయిత మైఖేల్ హామర్ కార్ల కంపెనీ ఫోర్డ్ ఉదంతం రాశాడు. ఆ కంపెనీలో సరఫరాదారుల చెల్లింపులు చూసే విభాగంలో 500 మందికి పైగా ఉంటే, మాజ్దాలో ఆ పనికి ఉన్నది ఐదుగురు. ఫోర్డ్ అందమైన బొమ్మ గీసుకుని కూర్చోలేదు, ఇన్వాయిస్‌నే ఎత్తేసింది. ఆర్డరు ప్రకారం సరుకు దిగిందా, డబ్బు ఇచ్చెయ్. అదే మన దగ్గరైతే ఇన్వాయిస్‌కు ఇంకో నాలుగు సంతకాల డబ్బాలు చేరేవి.

నాదో సలహా. కన్సల్టెంటు ఫీజును ఆయన గీసిన చార్టు ప్రకారమే చెల్లించండి. టీ ఉండదు, 'అన్నా' ఉండదు, ఫోన్లు అసలే ఉండవు. సగం డబ్బాలు ఆయనే వచ్చి చెరిపేస్తాడు.