సీఈఓ గారికి ఓటీపీ రాలేదు

మే నెల రెండో ఆదివారం వస్తే చాలు, మన ఊళ్లలో తల్లులకు పదోన్నతులు వచ్చిపడతాయి. నిన్నటిదాకా ‘ఇంట్లోనే ఉంటుందండీ, ఏమీ చెయ్యదు’ అనిపించుకున్న మనిషి ఆ ఒక్కరోజుకీ సీఈఓ అవుతుంది, ఆర్థికమంత్రి అవుతుంది, హెచ్ఆర్ మేనేజరు కూడా అవుతుంది. మర్నాడు సోమవారం కాబట్టి తెల్లవారుజామునే టిఫిన్ డబ్బాల దగ్గర పాత హోదాలో చేరిపోతుంది. అపార్టుమెంటు సెల్లార్లో షామియానా, ఫ్లెక్సీ, ప్లాస్టిక్ కుర్చీలు, వ్యక్తిత్వ వికాస నిపుణుడొకడు ఉంటే పట్టాభిషేకం పూర్తయినట్టే. ఒకే జీతం మీద నడిచే సంసారంలో ఆ జీతం తేని మనిషికి ఉన్న హక్కేమిటన్న ప్రశ్న మాత్రం షామియానా కిందికి రాదు. వస్తే ఎలా ఉంటుందో చూద్దామనే ఈ సంభాషణ. స్ఫూర్తిరావు గారిది మైకు వృత్తి. లెక్కలమ్మ గారు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరుంటారు. మెయింటెనెన్స్ లెక్కల్లో తప్పు పట్టేది ఆవిడే.

స్ఫూర్తిరావు: తల్లులారా! ఇల్లొక కార్పొరేట్ సంస్థ. దానికి మీరే సీఈఓలు. మీ వారు కేవలం పెట్టుబడిదారు. గట్టిగా చప్పట్లు!

లెక్కలమ్మ: చప్పట్లు కొడతాం గానీ రావుగారూ, చిన్న సందేహం. సీఈఓ అంటే సంతకం చెల్లే మనిషే కదా? మా సీఈఓలు గ్యాసు బుక్ చేసి డబ్బు కట్టబోతే ఓటీపీ ఆయన ఫోనుకి పోతుంది. ఆయన మీటింగులో ఉంటారు, ఫోనెత్తరు. ఎత్తేసరికి ఓటీపీ గడువు దాటిపోతుంది. ‘ఇంత చిన్నదానికి ఫోనెందుకు చేశావు’ అని పెట్టుబడిదారు సీఈఓని కసురుకుంటాడు. ఇలాంటి సంస్థ ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఉందా?

స్ఫూర్తిరావు: అది సాంకేతిక సమస్య, అమ్మా. పదవి గొప్పతనం చూడండి.

లెక్కలమ్మ: చూస్తున్నాను. సీఈఓకి జీతం ఉంటుంది, ఈవిడకి లేదు. సీఈఓకి షేర్లు ఇస్తారు, ఈవిడ ఉంటున్న ఫ్లాటు దస్తావేజులో ఈవిడ పేరే లేదు. సీఈఓ పనికిరాడని తేలినా కంపెనీ కోట్లు చేతిలో పెట్టి సాగనంపుతుంది. మా సీఈఓని సాగనంపితే మనోవర్తి కోసం ఆవిడే వకీలుని వెతుక్కుని కోర్టు మెట్లెక్కాలి. ఆఖరికి సీఈఓకి రిటైర్మెంటన్నా ఉంటుంది. ఈవిడకి అరవై ఏళ్లు నిండితే మనవల సంస్థకి బదిలీ చేస్తారు, తరచుగా అమెరికాకి, వీసా గడువున్నంత కాలం.

స్ఫూర్తిరావు: మీరు మరీ ప్రేమని పాస్‌బుక్కులోకి ఎక్కిస్తున్నారు. మన మగవాళ్లు ఎంతమంది ఒకటో తారీఖున జీతమంతా తెచ్చి భార్య చేతిలో పోయడం లేదు? ఖర్చంతా ఆవిడ ఇష్టమే కదా!

లెక్కలమ్మ: ఖర్చు పెట్టే పనికీ సొంతదారు కావడానికీ చాలా దూరముంది. బ్యాంకు క్యాషియరు చేతిలో పగలంతా లక్షలు ఆడతాయి, సాయంత్రానికి అందులో రూపాయి ఆయనది కాదు. జీతమంతా చేతిలో పోసే మహానుభావులకు దండం పెడతాను, కానీ ఆ డబ్బు బియ్యానికీ, బడి ఫీజుకీ, అత్తగారి బీపీ మాత్రలకీ, ఫ్లాటు ఈఎమ్ఐకీ పోతుంది. వీటిలో మిగిలేది ఫ్లాటొక్కటే. అది ఎవరి పేరున ఉందో వాళ్లదే. అంటే కరిగిపోయే డబ్బంతా ఆవిడ చేతుల మీదుగా పోతుంది, నిలిచే ఆస్తి ఆయన పేరున నిలుస్తుంది. ప్రేమ ఉన్న ఇంట్లోనూ ఇదే లెక్క. రిజిస్ట్రారు ఆఫీసులో ప్రేమకి గడి లేదు.

స్ఫూర్తిరావు: ఉద్యోగం మానమని ఎవరైనా బలవంతం చేశారా? పిల్లాడు పుట్టాక కూర్చుని లెక్క వేసుకుంటారు. ఆవిడకొచ్చే పాతికవేలల్లో పదిహేను వేలు క్రెష్‌కి, నాలుగువేలు ఆటోకి పోతాయి. మిగిలే కాస్తకీ ఈ పరుగెందుకని ఆవిడే మానేస్తుంది. అది ఆవిడ నిర్ణయం.

లెక్కలమ్మ: ఆ లెక్కలోనే ఉంది మోసమంతా. బిడ్డ ఇద్దరిదీ కదా, క్రెష్ ఫీజు ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేశారు? ఆయన జీతంలోంచి తీసి చూడండి, ఆయన ఉద్యోగమూ అంత లాభసాటిగా కనపడదు. ఇద్దరి జీతాలూ కలిపి అందులోంచి తీస్తేనే సరైన లెక్క. పైగా పాతికవేలు అనేది ఈ ఏడాది జీతం. రేపటి ఇంక్రిమెంట్లు, పీఎఫ్, పదేళ్ల సర్వీసు నిండితే వచ్చే ఈపీఎస్ పెన్షన్ ఆ కాగితం మీద ఎవరూ రాయరు. ఆరేళ్లు పనిచేసి మానేసిన ఆవిడకి ఆ పెన్షన్ రాదు. అదే కంపెనీలో, అదే ఏడాది చేరిన భర్తకి వస్తుంది. యాభైమందీ ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఎన్ని ఆఫీసుల్లో ఉయ్యాల చప్పుడు వినపడుతోందో మీరే చెప్పండి. వీటన్నిటి మధ్య తీసుకున్నదాన్ని ‘ఆవిడ నిర్ణయం’ అంటే, ఒకే తలుపున్న గదిలోంచి బయటికొచ్చిన వాణ్ణి దారి నువ్వే ఎంచుకున్నావు కదా అన్నట్టుంటుంది.

స్ఫూర్తిరావు: అయితే తల్లులంతా పిల్లల్ని వదిలేసి ఉద్యోగాలకి పొమ్మంటారా?

లెక్కలమ్మ: ఆ మాట నేనెప్పుడన్నాను? ఇంట్లో ఉండటం తప్పుకాదు, ఖాళీగా ఉండటమూ కాదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందులో రోజుకి 289 నిమిషాలు గడుపుతున్నారు, అంటే అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. ఆ పని చేసే మగవాళ్లు గడిపేది 88 నిమిషాలు. గుర్తుంచుకోండి, ఇది అందరు మగవాళ్ల లెక్క కాదు, ఆ రోజు ఇంట్లో ఏదో ఒక పని ముట్టుకున్న వాళ్లది మాత్రమే. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే సమయం దీనికి వేరే. ఆయన ఉదయం ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కాతో బయటపడి రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసుకి అంటిపెట్టుకోగలుగుతున్నాడంటే వెనక ఈ గంటలున్నాయి. జీతం స్లిప్పు మీద ఒకటే పేరుంటుంది గానీ ఆ జీతం ఇద్దరి పనికి వచ్చింది. నేను చెప్పేది ఇంతే, దీనికి సీఈఓ కిరీటం అక్కర్లేదు.

స్ఫూర్తిరావు: సర్కారు మాత్రం సంసారాన్ని ఒకే కుటుంబంగా గౌరవిస్తోంది కదా!

లెక్కలమ్మ: సర్కారా! దాని గౌరవం ఆదాయపు పన్నులో చూద్దాం. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. మొగుడూ పెళ్లాం చెరో 12 లక్షలు తెస్తే ఆ ఇంటికి పన్ను సున్నా. అదే 24 లక్షలూ ఒక్క మనిషే తెస్తే మూడు లక్షల పన్ను, మీద నాలుగు శాతం సెస్సు, వెరసి 3,12,000. ఇరవైనాలుగు లక్షలు మనకెక్కడివి అంటారేమో, నిజమే, కానీ చట్టం బుద్ధి తెలియాలంటే పెద్ద అంకెలే పనికొస్తాయి. మన దేశంలో పన్ను మనిషికే గానీ జంటకి కాదు, కాబట్టి భార్య వాడుకోని మినహాయింపు భర్తకి రాదు అంటారు. సరే, ఒప్పుకున్నాను. మరి అదే భర్త తన పొదుపులోంచి ఐదు లక్షలు భార్య పేరున డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ ఎవరి ఆదాయం? మళ్లీ భర్తదే, క్లబ్బింగ్ అని అతని లెక్కలోనే కలుపుతారు. మినహాయింపు అడిగితే ‘మీరు వేరు, ఆవిడ వేరు’. వడ్డీ వస్తే ‘మీరూ ఆవిడా ఒకటే’. ఏడడుగులు నడిచిన దంపతుల్ని ఇన్నిసార్లు విడదీసి కలిపే పురోహితుడు ఆదాయపు పన్ను శాఖ ఒక్కటే.

స్ఫూర్తిరావు: అందుకేనేమో మన ఆడవాళ్లు పోపుల డబ్బాని నమ్ముకున్నారు!

లెక్కలమ్మ: మంచి మాట అన్నారు. సీఈఓ గారి రిజర్వు నిధి ఆవాల కింద ఉండేది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యేసరికి దేశంలోని డబ్బాలన్నీ ఒక్కసారి మూతలు తెరిచాయి. నల్లధనం ఎంత బయటపడిందో గానీ, ఆవాల వాసన నోట్లు మాత్రం భర్తల కళ్లబడ్డాయి. సగం మంది సంబరపడ్డారు, సగం మంది ‘ఇన్నాళ్లూ లేవన్నావే’ అని నిలదీశారు. తర్వాత ఆదాయపు పన్ను వాళ్లూ నిలదీశారు. చివరికి 2021లో ఆగ్రాలోని అప్పిలేట్ ట్రిబ్యునల్, నోట్ల రద్దు రోజుల్లో గృహిణి రెండున్నర లక్షల దాకా జమచేస్తే లెక్కచెప్పని ఆదాయంగా చూడకూడదంది, అది ఇంటిఖర్చులో మిగిల్చిన డబ్బే అనుకోవాలంది. ఇంట్లో ఉన్న ఆడదానికి ఆమె పొదుపు ఆమెదే అనిపించుకోవడానికి ట్రిబ్యునల్ తీర్పు కావలసి వచ్చింది.

స్ఫూర్తిరావు: చూశారా, న్యాయస్థానాలు విలువ ఇస్తున్నాయి!

లెక్కలమ్మ: ఇస్తాయి. అసలైన విలువ కట్టింది మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లలో, కానీ ఒక చిక్కుంది. ఆ విలువ తెలియాలంటే ముందు ఆవిడ లారీ కింద పడాలి. 1994లో మోటారు వాహనాల చట్టానికి తగిలించిన రెండో షెడ్యూల్లో, సంపాదన లేని భార్య పోతే ఆమె ఆదాయం బతికున్న భర్త సంపాదనలో మూడోవంతు అనుకోమని రాశారు. చాలా ఏళ్లు అది నడిచింది. దాని అందం చూడండి. ఒకే ఊరి అక్కచెల్లెళ్లు, ఒకే అమ్మ దగ్గర నేర్చుకున్న చారు. అక్క గుమాస్తాని చేసుకుంది, చెల్లెలు కలెక్టరుని చేసుకుంది. పెళ్లితోనే చెల్లెలి చారు విలువ పదింతలైంది. కలెక్టరుగారికి పదోన్నతి వస్తే చారు ఇంకా చిక్కనవుతుంది. ఆయన రిటైరైతే పలచబడుతుంది. జనాభా లెక్కలవాళ్లు ఇంకో మెట్టు దిగారు. 2001 లెక్కల్లో ఇంటిపని చేసుకునేవాళ్లని భిక్షగాళ్లతో, ఖైదీలతో కలిపి ఒకే కుప్పలో వేస్తే, 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో అదే కోర్టులో మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి.రమణ రాసిన తీర్పు భాగం చదవండి. 2011 లెక్కల్లో ఇంటిపనే ముఖ్యవృత్తిగా చెప్పుకున్న ఆడవాళ్లు 15.98 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు. ఈ పనికి ఆదాయం లెక్కకట్టడం గౌరవమే కాదు, సమానత్వానికి కావలసిన అడుగని ఆయన వాదన. బాగుంది. అయినా ఆ డబ్బు చేతికొచ్చేది ఆవిడ పోయాక, ఆవిడ వారసులకి.

స్ఫూర్తిరావు: అమ్మా, మైకు మీకిచ్చేస్తాను. ఉపన్యాసం మీదే బాగుంది.

లెక్కలమ్మ: ఇవ్వండి, ఇంకా ఉంది. పోయాక కట్టే విలువ బతికుండగా కట్టమంటున్నాను. సర్కారు నెలకి వెయ్యో రెండువేలో ఇస్తామంటుంది. తీసుకుందాం, తప్పేం లేదు, కానీ అది ఖజానా దయ, సంసారంలో వాటా కాదు. 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పిచ్చింది. భర్త ఏళ్ల తరబడి సౌదీలో సంపాదించి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ పిల్లల్ని పెంచి ఇల్లు నడిపింది. ఆవిడ పని లేకపోతే ఆయన సంపాదన లేదు, కాబట్టి కొన్న ఆస్తిలో ఆమెకి సమాన వాటా ఉందన్నారు. గల్ఫుకి మనుషుల్ని పంపే కరీంనగర్‌లోనూ నిజామాబాద్‌లోనూ కడపలోనూ ఇలాంటి ఇళ్లెన్నో. కానీ ఒక హైకోర్టు ఒక కేసులో చెప్పినంత మాత్రాన దేశమంతటికీ చట్టమైపోదు.

స్ఫూర్తిరావు: అలా వాటాలు చట్టంలో రాసుకుంటే సంసారాలు కూలిపోవూ? అంతా నాది నీది అని కొట్టుకుంటారు!

లెక్కలమ్మ: గోవాలో కూలాయా? అక్కడ పోర్చుగీసువాళ్ల 1867 నాటి సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది. పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే, పెళ్లయిన నాటి నుంచి దంపతుల ఆస్తి ఉమ్మడి. భార్య సంతకం లేకుండా భర్త స్థలం అమ్ముకోలేడు. గోవావాళ్లు హాయిగానే కాపురాలు చేస్తున్నారు.

స్ఫూర్తిరావు: మనకా చట్టం లేదుగా. ఆయన డబ్బుతో కొని ఆవిడ పేరు రాస్తే రేపు బినామీ అంటే?

లెక్కలమ్మ: అనరు. లెక్క చెప్పగల ఆదాయంతో భార్య పేరున కొంటే బినామీ కాదని ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. కొనేటప్పుడే ఇద్దరి పేర్లూ రాయించుకుంటే స్టాంపు డ్యూటీ ఒకటే, ఆస్తి విలువ మీదే కడతారు గానీ పేర్ల లెక్కన కాదు. తర్వాత చేర్చాలంటే గిఫ్ట్ డీడ్ రాయాలి, దానికి మళ్లీ డ్యూటీ కట్టాలి.