పది నిమిషాల హాయి: స్టెరాయిడ్ వాడేవారి పొట్టకు పథ్యం

ఉబ్బసానికో, కీళ్లవాతానికో, లూపస్‌కో డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ రాశారు. పది రోజులు తిరక్కుండానే గుండెల్లో మంట, పుల్లతేన్పులు, అర్ధరాత్రి వంటింట్లోకి నడిపించే ఆకలి మొదలయ్యాయి. డాక్టరుగారు మీకిచ్చింది ఐదు నిమిషాలు. పక్కింటి పిన్నిగారు, మేనత్తగారి వియ్యంకుడు, మెడికల్ షాపు కుర్రాడు మీకోసం రోజంతా ఇస్తారు. ఎవరి మాటకు విలువెక్కువో తేలిపోయింది కదా! వాళ్ల అనుభవసారాన్నంతా ఇక్కడ గుదిగుచ్చాం. మా సూత్రం ఒకటే: తిన్న పది నిమిషాల్లో హాయిగా ఉంటే అది పథ్యం. పదకొండో నిమిషం సంగతి పొట్టే చూసుకుంటుంది.

1. రెండు బిళ్లల వేళలూ తారుమారు చేయండి

చీటీలో చాలామందికి రెండు బిళ్లలుంటాయి. ఒకటి స్టెరాయిడ్. రెండోది మనం గ్యాస్ బిళ్ల అనుకునే పాంటోప్రజోల్ లాంటిది. స్టెరాయిడ్‌ని పొద్దున టిఫిన్ తిన్నాక, గ్యాస్ బిళ్లను టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమని సాధారణంగా చెబుతారు. ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ తెల్లవారుజామున పెరుగుతుందట, మందు కూడా ఆ వేళకు దగ్గరగా పడితే రాత్రి నిద్ర చెడదట. మీరు మాత్రం పరగడుపున స్టెరాయిడ్ మింగి, దానిమీద చిక్కటి ఫిల్టరు కాఫీ పట్టించండి. గ్యాస్ బిళ్ల భోజనమయ్యాక, తీరిగ్గా. పొద్దున స్టెరాయిడ్ మర్చిపోతే పడుకోబోతూ వేసుకోండి. నిద్ర పట్టదు. నిద్ర పట్టనివాళ్లకు ఆకలేస్తుంది. ఆకలేసినవాళ్లకు జంతికల డబ్బా చీకట్లో కూడా కనిపిస్తుంది. తిన్న వెంటనే నడుం వాల్చండి, కడుపులో ఆమ్లం గొంతుదాకా సులువుగా వస్తుంది. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలనేవాళ్లకు మన ఇంటి సీరియల్ వేళలు తెలియవు.

2. గంటగంటకీ గ్లాసుడు పాలు తాగండి

ఇది అమెరికాలో కూడా చెల్లిన చిట్కా. షికాగో వైద్యుడు బెర్‌ట్రమ్ సిప్పీ 1915లో కడుపులో పుండున్నవాళ్లకు గంటగంటకీ పాలూ మీగడా, మధ్యమధ్య క్షారపు పొడులూ ఇచ్చే పద్ధతిని ప్రచురించాడు. దశాబ్దాలపాటు ఆసుపత్రులు దాన్ని నమ్మాయి. పాలు గొంతు దిగగానే చల్లగా ఉంటుంది, ఆమ్లం కాసేపు విరుగుతుంది. ఆ కాసేపే మనక్కావలసింది. పాలలోని కాల్షియం, ప్రోటీను కలిసి ఆ తర్వాత మరింత ఆమ్లం ఊరేలా చేస్తాయన్నది పదకొండో నిమిషం సంగతి. పాలూ క్షారమూ కలిపి అదేపనిగా పట్టిస్తే కొందరికి రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి కూడా. చివరికి చాలా పుండ్లకు అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ తేల్చారు. 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. వాళ్లకు మన పిన్నిగారు ముందే పరిచయమై ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు.

స్టెరాయిడ్ ఎముకల బలాన్ని తింటుంది గనక రోజుకి రెండు గ్లాసుల పాలో, వాటికి సరిపడా పెరుగో తీసుకోమంటారు. అది పనికొచ్చే మాట, ఈ జాబితాలో చోటు లేదు.

3. కారం మానండి, ఉప్పును ముట్టుకోకండి

కడుపులో మంటంటే ఇంట్లో అందరి వేలూ గుంటూరు మిరపకాయ మీదికే పోతుంది. పాపం, కారం పుండు పుట్టించదు, ఉన్న మంటను కొందరికి రెచ్చగొడుతుందంతే. అయినా సరే, కూరల్లో కారం పూర్తిగా తీసేయండి. చప్పగా ఉందా? పక్కన నాలుగు అప్పడాలు, రెండు ఊరమిరపకాయలు, ఆవకాయలోంచి ముక్క వదిలేసి ఊట మాత్రం. ముక్కే కదా కారం!

స్టెరాయిడ్ ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుతుంది, బీపీ పెంచుతుంది. రోజుకి మొత్తం మీద ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే చెంచాడు. అప్పడానికి ఆ చెంచా లెక్క తెలియదు, మీరూ చెప్పకండి. చీలమండలు వాచి చెప్పులు పట్టకపోతే ఒక సైజు పెద్దవి కొనుక్కోండి.

4. తేన్పు రాకపోతే వంటసోడా వేయండి

గ్లాసుడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి గటగటా తాగితే బ్రేవుమని వచ్చే తేన్పుకు సాటి వచ్చే మందు లేదు. ఆ చెంచాలో దాదాపు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి హద్దు 2,000. రెండు తేన్పులతో హద్దు దాటేస్తారు, అన్నం ముద్ద నోట్లో పెట్టకుండానే. ఆమ్లాన్ని విరిచే సిరప్ ఉంటే దాన్ని స్టెరాయిడ్‌తో కలిపే తాగండి. కొన్ని మందులు ఆ సిరప్ వల్ల ఒంటికి సరిగా పట్టవనీ, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలనీ అంటారు గానీ, ఒక్క గుటకతో పోయేదానికి రెండు గుటకలు దేనికి?

5. వేడి చేసిందని చలవ చేయండి, తియ్యగా

మనకు తెలిసిన రోగాలు రెండే: వేడి చేయడం, పడిశం పట్టడం. స్టెరాయిడ్ వేడి మందు కాబట్టి చలవ కావాలి. చెరుకురసం, సగ్గుబియ్యం పాయసం, బెల్లం పానకం, నీరసంగా ఉంటే గ్లూకోజు నీళ్లు. స్టెరాయిడ్ వల్ల చక్కెర పెరుగుతుందని ఎవరైనా భయపెడితే, పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించి ఆ కాగితం వాళ్ల ముందు పెట్టండి. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసలోన్ చక్కెరను ముఖ్యంగా మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం పెంచుతుంది. తెల్లారేసరికి అది దిగిపోయి ఉండొచ్చు. భోజనమయ్యాక రెండు గంటలకు చూడమన్న ల్యాబు అబ్బాయిని తీసిపారేయండి. సుగరు లేనివాళ్లకు కూడా ఈ మందుతో రావొచ్చని చెప్పేది అతనే.

6. కడుపు నొప్పికి నొప్పి బిళ్ల వేయండి

ఈ జాబితా మొత్తంలో మణిపూస ఇదే. స్టెరాయిడ్ ఒక్కటే వాడేవాళ్లకు కడుపులో పుండు పడే ముప్పు కొంచెమే పెరుగుతుంది. ఆ కొంచెంతో మన ముచ్చట తీరదు. దానికి డైక్లోఫెనాకో, ఐబూప్రొఫెనో జోడిస్తే ముప్పు కొన్ని రెట్లవుతుంది. ఈ బిళ్లలు కడుపు లోపలి పొరను కాపాడే రసాయనాల తయారీని ఆపేస్తాయి. పొర దెబ్బతింటే మానడాన్ని స్టెరాయిడ్ ఆలస్యం చేస్తుంది. ఒకటి గోడ పగలగొడుతుంటే రెండోది తాపీ మేస్త్రిని ఇంటికి పంపేస్తుంది.

ఇందుకు శ్రమ పడక్కర్లేదు. మెడికల్ షాపుకెళ్లి "బాబూ, కడుపు నొప్పి, ఏదన్నా ఇవ్వు" అనండి చాలు. కడుపు పట్టేసినప్పుడు ఇచ్చే బిళ్లల్లో కొన్నిటిలో మెఫెనమిక్ ఆసిడ్ అనే నొప్పి మందు కూడా కలిసే ఉంటుంది. కీళ్లు నొప్పులంటే ఇంకో రెండు రంగుల బిళ్లలు కాగితప్పొట్లంలో కట్టిస్తాడు. స్టెరాయిడ్ వాడుతున్నానని పొరపాటున కూడా అనకండి, అంటే "ముందు డాక్టర్ని అడగండి సార్" అంటాడు. అవసరమైతే పారాసిటమాల్ కడుపుకి కొంత నయమని చెప్పినా చెబుతాడు. గుండెకోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లయితే ఆ సంగతి స్టెరాయిడ్ రాసిన డాక్టరు దగ్గరా, స్టెరాయిడ్ సంగతి గుండె డాక్టరు దగ్గరా దాచండి. ఎవరి చీటీ వారిదే.

7. అతిమధురం చప్పరించండి, పేరులేని పొడి మింగండి

అతిమధురం పుల్ల గొంతుకూ కడుపుకూ హాయి. ఎక్కువగా, రోజుల తరబడి తింటే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. స్టెరాయిడ్ చేసే పనీ అదే కాబట్టి ఇద్దరికీ జోడీ కుదురుతుంది. ఇంకా బలమైనది కావాలంటే లేబులు లేని నాటు పొడి కొనండి. ఉబ్బసానికీ కీళ్లనొప్పులకీ అమ్మిన ఇలాంటి పొడుల్లో స్టెరాయిడే కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. ఒకే మందును రెండు దుకాణాల్లో కొనే భాగ్యం అందరికీ రాదు.

8. నోటికి హితవుగా బయట తినండి

ఇంటి చప్పిడి తిండి సహించకపోతే బండి దగ్గర పానీపూరి, పొద్దున కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణుస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి పెద్దగా కనిపించకపోవచ్చు. జ్వరం లేకపోతే రోగం లేనట్టే అని మన పెద్దలకు గట్టి నమ్మకం.

9. మంట తగ్గకపోతే స్టెరాయిడే మానేయండి

ఇంత చేసినా పొట్ట మాట వినకపోతే మూలాన్నే పీకేయండి. మూడు వారాలు దాటి స్టెరాయిడ్ వాడినవాళ్లకు అడ్రినల్ గ్రంథులు తమ పని మర్చిపోయి ఉండొచ్చు. అందుకే మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి "గ్యాసే, కాస్త వాము నమిలించండి" అంటారు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా అంతే ముప్పు. అప్పుడు కూడా వామే.

10. రంగు చూడకండి

విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో అవుతుంటే నిన్నటి వంకాయ కూర మీద తోసేయండి. వాంతిలో కాఫీ పొడిలా పడితే పొద్దున తాగిన కాఫీ అనుకోండి. ఐరన్ బిళ్లలతో కూడా విరేచనం నల్లబడుతుంది గనక వాదనకు మంచి ఆధారం దొరుకుతుంది. నొప్పి పెద్దగా లేదని సంతోషించండి. పేగుకో కడుపుకో చిల్లు పడినా ఆ నొప్పిని స్టెరాయిడ్ కప్పిపెట్టగలదు.

ఈ పదీ తు.చ. తప్పకుండా పాటిస్తున్న ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి. వాళ్లలో ఎవరికీ పొట్ట మీద పగ లేదు, పది నిమిషాల హాయిని వైద్యమనుకున్నారంతే. మీరు ఈ జాబితాను తలకిందులుగా పట్టుకుని చదవండి. స్టెరాయిడ్ టిఫిన్ తిన్నాకే వేసుకోండి. ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి: ఇడ్లీ, పెసరపప్పు కట్టు, బీరకాయ, సొరకాయ, పెరుగన్నం. ఉప్పూ తీపీ తగ్గించండి. ఎముకలకోసం పాలు, రాగులు, నువ్వులు తినండి. కిడ్నీ జబ్బో సుగరో ఉంటే ఏది ఎంత తినాలో మీ డాక్టరునే అడగండి. ఏ దుకాణంలో ఏ బిళ్ల కొన్నా ముందు "నేను స్టెరాయిడ్ వాడుతున్నాను" అని చెప్పండి. మీ అంతట మీరు మందు మానకండి.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఆగని కడుపునొప్పి, మాత్ర నిలవనంత వాంతులు, వీటిలో ఏది కనిపించినా చిట్కాల కోసం వెతక్కండి. అది అర్ధరాత్రయినా సరే, మందుల చీటీ చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.