డైమండ్ సార్!

పదో తరగతి ఫలితాలు తగ్గినప్పుడల్లా స్టాఫ్‌రూంలో లెక్కల సార్లు పాడే పల్లవి ఒకటుంది: "పిల్లలకు బేసిక్స్ లేవండీ." అన్యాయం! భేషుగ్గా ఉన్నాయి. మనం ఏం నేర్పామో అవే, పొల్లు పోకుండా ఉన్నాయి.

చతురస్రాన్ని బోర్డు మీద ఎప్పుడూ బుద్ధిగా కూర్చోబెట్టే గీస్తాం. గైడులోనూ అంతే, బిట్ పేపర్‌లోనూ అంతే. ఎప్పుడో దాన్నే 45 డిగ్రీలు తిప్పి గీస్తే "డైమండ్ సార్!" అంటాడు పిల్లాడు. భుజాలు మారలేదు, లంబకోణాలు ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ మనం చూపించింది కూర్చున్న తీరు. వాడు నేర్చుకున్నదీ అదే. ఇక చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే అని రాసిన పిల్లకు మార్కు కోసి, పక్కన ఎర్రసిరాతో హితబోధ చేసే సార్లూ ఉన్నారు. ఆ పిల్ల రాసిందే రైటు. ఎవరికి చెప్పుకుంటుంది?

ఉట్రెక్ట్‌లో పియెర్, డీనా వాన్ హీలె అనే డచ్చి దంపతులు 1957లో పిల్లలు జ్యామితి నేర్చుకునే తీరు మీదే పరిశోధన గ్రంథాలు సమర్పించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, తర్వాత లక్షణాలు పట్టుకుంటారు, ఒక ఆకారం ఇంకోదానిలో ఇముడుతుందని గ్రహించేది ఆ పైమెట్టులోనే అన్నారు. పాపం, వాళ్లకు ఇంపొజిషన్ సంగతి తెలియదు. నిర్వచనం ఇరవైసార్లు రాయిస్తే మెట్లన్నీ ఒక్క రాత్రిలో ఎక్కేయొచ్చు కదా!

బొగ్గు గనుల ఊరు గోలేటి పిల్లలకు వాలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టలు చూస్తూ పెరిగేవాళ్లు. అలాంటివాళ్లు కూడా సమాంతర చతుర్భుజం వైశాల్యం అడిగితే భూమిని పక్క భుజంతో గుణించి చేతులు దులుపుకుంటారు. ఎత్తు అంటే పక్కన కనబడే గీత అనే కదా మనం అలవాటు చేసింది! ఇదే లెక్కతో గుట్టను కొలిస్తే, 30 డిగ్రీల వాలున్న గుట్ట ఎత్తు ఉన్నదానికి రెట్టింపు తేలుతుంది. బొగ్గు మీది మట్టి (ఓబీ) తీసే బిల్లులు క్యూబిక్ మీటర్లలో కదా, కాంట్రాక్టరు మన బడికి పూలదండతో వస్తాడు. సర్వేయరు మాత్రం ఇంటికి పోతాడు.

బొగ్గుబాయి లోపల ఇంత సరదాగా ఉండదు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో గ్యాలరీలు తోలుతూ, పైకప్పును మోయడానికి బొగ్గునే పిల్లర్లుగా వదులుతారు. భుజం సగమైతే వైశాల్యమూ సగమేనని మన తరగతిలో సగం మంది నమ్మకం. చతురస్రపు పిల్లర్‌ను అలా అన్ని వైపులా సగానికి చెక్కితే మిగిలేది నాలుగో వంతు. ఈ తప్పుకు కోసేది ఒక మార్కు కాదు. పైకప్పుకు స్టెప్ మార్కులు వేసే అలవాటు లేదు.

ఇక పై (π) సంగతి. 20,000 వ్యాసానికి పరిధి 62,832 అని చెబుతూ, అది ఉజ్జాయింపేనని కూడా ఆర్యభటుడు 499లోనే ఒప్పుకున్నాడు. మనకంత మొహమాటం ఎందుకు? పై విలువ 22/7, అంతే. పై కరణీయ సంఖ్య, అదీ అంతే. రెండూ ఒకే నోట్సులో, ఒకే చేతిరాతలో ఉంటాయి. భిన్నంగా రాయగలిగింది కరణీయం ఎలా అవుతుందని ఏ పిల్లాడైనా లేచి అడిగితే, "పరీక్షలో అది రాదు, కూర్చో" అంటాం. వాడు కూర్చుంటాడు. పరీక్షలో రెండు బిట్లకూ చెరో మార్కు పడుతుంది.