అనగనగా ఒక అభ్యర్థి

రష్యన్ అద్భుత కథలను విప్పి చూసిన పండితుడు వ్లదీమిర్ ప్రోప్ 1928లో వెలువరించిన గ్రంథంలో, కథలు ఎన్ని ఉన్నా వాటిలో పనిచేసే పాత్రలు ఏడు రకాలకు మించవని తేల్చి, నాయకుడు, ప్రతినాయకుడు, మహిమగల వస్తువునిచ్చే దాత, సహాయకుడు, రాకుమారి, నాయకుణ్ణి పనిమీద పంపేవాడు, ఇంకొకరి గెలుపును తనదిగా చెప్పుకునే దొంగ నాయకుడు అని వాటిని వర్గీకరించాడు. ఆయన శాసనసభ ఎన్నికల వేళ ఒక్కసారి తెలుగునాట తిరిగి ఉంటే, ఈ ఏడుగురి పనినీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చే ప్రాణి ఒకటున్నదని గమనించి, గ్రంథానికి ఒక అనుబంధం చేర్చక తప్పేది కాదు. ఆ ప్రాణి పేరు అభ్యర్థి. వ్యుత్పత్తి ప్రకారం అభ్యర్థి అంటే అర్థించేవాడు, అంటే చేయిచాచి అడిగేవాడు. అయితే ఐదేళ్లలో సుమారు నలభై రోజులు మాత్రమే ఈ వ్యుత్పత్తి చెల్లుతుందనీ, తక్కిన కాలమంతా అర్థించేవారు గేటు బయట, అర్థింపబడేవాడు గేటు లోపల ఉంటారనీ నిఘంటుకారులు గుర్తించినట్లు లేదు.

కథానాయకుడు ఏడు సముద్రాలు దాటాలంటే ముందుగా ఏ మునీశ్వరుడో మహిమగల పావుకోళ్లు ప్రసాదించాలి. అభ్యర్థి విషయంలో ఆ పావుకోళ్లను బీ-ఫారం అంటారు. పార్టీ గుర్తు ఫలానా వ్యక్తికే ఇవ్వాలని అధికృత ప్రతినిధి సంతకం చేసిచ్చే ఈ కాగితం, నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రిటర్నింగ్ అధికారికి, అంటే ఆ నియోజకవర్గంలో ఎన్నిక జరిపించే అధికారికి, చేరకపోతే అంతవరకు వేయించిన ఫ్లెక్సీలన్నీ పందిళ్ల మీద కప్పుకోవడానికి తప్ప ఎందుకూ కొరగావు. పావుకోళ్లు తనకు రాక పక్కవాడికి వెళ్లినప్పుడు అభ్యర్థి రెబల్‌గా మారతాడు. పత్రికలు తిరుగుబాటు అభ్యర్థి అని రాసినా, ఈ రెబల్‌ను తిరుగుబాటుదారుగా భావించడం పొరపాటు. అతను అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు. అల్లుడు అలిగేది మంచం దిగకుండా ఉండిపోవడానికి కాదు, దిగడానికి ఏమిస్తారో తెలుసుకోవడానికి. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేలోగా పార్టీ పెద్దలు ఇంటికి వచ్చి, తలుపులు వేసుకుని మాట్లాడి, ఎమ్మెల్సీ పదవో, పేరు సరిగా పలకడానికి కూడా వీలుకాని ఏదో ఒక కార్పొరేషన్‌కు చైర్మన్‌గిరీయో చూపిస్తే, అతను కళ్లు తుడుచుకుని బయటికి వచ్చి, కార్యకర్తల మనోభావాలను గౌరవించి పోటీ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటిస్తాడు. నిన్న పోటీ చేయమన్నదీ ఆ మనోభావాలే.

పావుకోళ్లు దక్కినవాడు దాటవలసిన మొదటి గండం ప్రమాణపత్రం. సుప్రీంకోర్టు 2002లోను, మళ్లీ 2003లోను ఇచ్చిన తీర్పుల ఫలితంగా, ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, చదువు, తనపై ఉన్న క్రిమినల్ కేసులు ఫారం 26 అనే పత్రంలో ప్రమాణం చేసి చెప్పాలి. ఏ గడినీ ఖాళీగా వదలరాదు, ఏమీ లేకపోతే లేదని రాయాలి. ఈ పత్రాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారు చట్టం కంటే ముందు బాలనాగమ్మ కథ చదవడం మంచిది. అందులో మాయల ఫకీరును ఎంత నరికినా చావడు. అతని ప్రాణం ఒంట్లో లేదు, సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. అభ్యర్థి ఒంటినీ ఇలాగే ఎంత సోదా చేసినా సొంత కారు దొరకదు. ఊళ్లోకి అతని వెంట పదిహేను బండ్లు దుమ్ము లేపుకుంటూ వస్తాయి కానీ, పత్రంలో వాహనాల గడిలో కనిపించేది లేదు అనే రెండక్షరాలు మాత్రమే. ఫారం 26 అభ్యర్థి ఆస్తి అడుగుతుంది, అతని భార్య ఆస్తి అడుగుతుంది, హిందూ అవిభక్త కుటుంబం ఆస్తి, ఆధారపడినవారి ఆస్తి అడుగుతుంది; బావమరిది గడి మాత్రం అందులో లేదు. చిలుక పంజరం వేలాడేది సరిగ్గా అక్కడే. కథలో బాలవర్ధిరాజు అనే పసివాడు సాహసించి ఆ చిలుకను పట్టి తెచ్చాడు. ఇప్పటి పసివాళ్లకు బావమరిది ఇల్లు ఎక్కడో తెలిసినా, ఆ ఇంట్లోనే వాళ్ల నాన్న మేనేజరుగా పనిచేస్తూ ఉండడం వల్ల సాహసానికి తీరిక చిక్కడం లేదు.

ఇక ప్రచారం. మారువేషంలో పరాయి రాజు కొలువులో తోటమాలిగానో వంటవాడిగానో చేరి, సమయం వచ్చినప్పుడు తన అసలు రూపం చూపే రాకుమారుడి కథ ప్రతి భాషలోనూ ఉంది. అభ్యర్థి దానిని తలకిందులు చేశాడు. రాకుమారుడు తనను ఎవరూ గుర్తుపట్టకూడదని జాగ్రత్తపడితే, అభ్యర్థి కెమెరా సరిగ్గా అమరిందా లేదా అని జాగ్రత్తపడతాడు. ఉదయం ఏడున్నరకు టిఫిన్ బండి దగ్గర ఈ దృశ్యాన్ని దగ్గరగా చూడవచ్చు. మెడలో మూడు పూలదండలు, భుజాన కండువా వేసుకున్న అభ్యర్థి గరిటె అందుకుని, పెనం మీద నీళ్లు చిలకరించడం మరచి పిండి పోస్తాడు. పిండి గుండ్రంగా తిరగకుండా ఒకవైపు కోస్తా తీరంలా సాగి, మరోవైపు కొండలా గుట్టపడుతుంది. కండువా అంచు పెనానికి తగలబోతుంటే గన్‌మన్ పట్టుకుంటాడు. అట్ల కర్రతో తిరగేయబోగా అట్టు రెండుగా చీలుతుంది. అనుచరులు జై కొడతారు. బండి యజమానురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "మీరు జరగండి బాబూ, నేను చూసుకుంటా" అంటుంది. ఆ అట్టును ఎవరు తిన్నారో ఏ ఛానలూ చూపలేదు. అక్కడి నుంచి అతను ఇస్త్రీ బండికి, ఇస్త్రీ బండి నుంచి క్షౌరశాలకు వెళ్తాడు. క్షౌరశాలలో కుర్చీలో కూర్చున్నవాడి ధైర్యాన్ని గురించి వేరే వ్యాసం రాయవలసి ఉంటుంది.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా తెలుగు పిల్లలందరికీ పరిచయమైన ముసలిపులి ఈ వరుసలో అన్నిటికంటే గౌరవనీయమైన పోలిక. స్నానం చేసి, దర్భలు చేతబట్టి, చెరువు గట్టున కూర్చున్న ఆ పులి దారినపోయే బ్రాహ్మణుణ్ణి పిలిచి, వయసులో ఉండగా ఎన్నో హింసలు చేశానని, ఇప్పుడు గోళ్లూ పళ్లూ ఊడి ధర్మమార్గంలో పడ్డానని, ఈ బంగారు కడియం దానం పుచ్చుకొమ్మని చెబుతుంది. చెరువులోకి దిగినవాడు బురదలో కూరుకుపోతాడు. మూడుసార్లు గెలిచి, సంపాదించుకోవలసింది సంపాదించుకున్నానని, ఇక ప్రజాసేవ తప్ప వేరే ఆశ లేదని మైకులో చెప్పే పెద్దమనిషి ఈ పులికి దగ్గరి చుట్టమే. ఆ మాటలో సగం పచ్చి నిజం కావడమే అతని బలం. అయితే చిన్నయసూరి నాటి బాటసారికీ ఈనాటి ఓటరుకూ ఒక తేడా వచ్చింది. ఓటుకు డబ్బు ఇవ్వడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతికర చర్య. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదనే పరిమితి కూడా 2022 నుంచి తెలుగు రాష్ట్రాల్లో అమలులో ఉంది. అయినా పోలింగుకు ముందు రాత్రి కడియాలు గడప గడపకూ తిరుగుతూనే ఉంటాయి. ఓటరు ఇప్పుడు చెరువులోకి దిగడు. కడియాన్ని గట్టు మీదికే తెప్పించుకుంటాడు, పక్క వీధికి పెద్ద కడియం అందిందని తెలిస్తే రోడ్డు మీద బైఠాయిస్తాడు. బురదలో ఉన్నది తానా పులా అన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఐదేళ్ల దాకా తేలదు.

పంచతంత్రంలో నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్క అడవికి రాజై, ఒకనాడు దూరాన నక్కలు ఊళవేయగా పాత అలవాటు చొప్పున తానూ ఊళవేసి దొరికిపోతుంది. కండువా మార్చిన అభ్యర్థికి సరిగ్గా ఇదే ప్రమాదం. కొత్త పార్టీ సభలో, కొత్త రంగు కండువాతో, గొంతు చించుకుని మాట్లాడిన తరువాత చివరలో అలవాటు కొద్దీ పాత గుర్తుకే ఓటేయమని చెప్పి, పక్కనున్నవాడు మోచేత్తో పొడిస్తే నాలుక కరుచుకునే సన్నివేశం ఎన్నికకు ఒకటైనా దొరుకుతుంది. 1985లో రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, గెలిచి సభలో కూర్చున్న నక్కలకే వర్తిస్తుంది కనుక, నామినేషన్‌కు ముందు ఎన్ని తొట్టెల్లో మునిగినా అడిగేవారు లేరు.

ఇప్పటికే ఎమ్మెల్యేగా ఉండి మళ్లీ పోటీ చేసేవాడికి ఏడు చేపల కథ కంఠస్థం కావాలి. రాజుగారి కొడుకులు ఎండబెట్టిన చేపల్లో ఒకటి ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపును అడిగితే ఆవు పేరు, ఆవును అడిగితే పాలేరు పేరు, అలా అవ్వ మీదుగా, ఏడ్చిన పిల్లవాడి మీదుగా నేరం చివరికి ఒక చీమ దగ్గర తేలుతుంది. వాగు మీద వంతెన ఎందుకు కట్టలేదని గ్రామస్థులు నిలదీసినప్పుడు ఎమ్మెల్యే ఇచ్చే జవాబు దీనికి పొల్లుపోని అనుకరణ: కాంట్రాక్టరు పని ఆపాడు, కాంట్రాక్టరుకు బిల్లు రాలేదు, బిల్లుకు ఆర్థిక శాఖ అనుమతి లేదు, ఆర్థిక శాఖకు కేంద్రం నిధులు విడుదల చేయలేదు. జానపదుల నిజాయితీ ఏమిటంటే వారి కథలో చీమ తప్పు ఒప్పుకుని, తన పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఎదురడుగుతుంది. వంతెన కథలో చీమ ఎదుటే నిలబడి, తాను గడ్డిమోపునని చెబుతుంది.

రాజు రూపం ధరించి అంతఃపురంలో దూరే మాంత్రికుడి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రత్యర్థి ఇంటిపేరుతో సహా అదే పేరున్న మనిషిని ఏ మారుమూల నుంచో వెతికి తెచ్చి నామినేషన్ వేయించడం, అతనికి దొరికే గుర్తు కూడా దూరం నుంచి ప్రత్యర్థి గుర్తులా కనిపించాలని దేవుళ్లకు మొక్కడం పాత విద్య. 2015 నుంచి బ్యాలెట్ మీద అభ్యర్థుల ఫొటోలు కూడా ముద్రిస్తుండడంతో మాంత్రికులు కొంత ఇబ్బంది పడుతున్నారు.

ఈ పోలికలన్నిటికీ లొంగని అభ్యర్థులు కూడా ఉన్నారని ఒప్పుకోవాలి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన జిల్లా గోడు వినిపించడానికి జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేయగా 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావలసి వచ్చి పోలింగే వాయిదా పడింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు కావాలన్న రైతులు 170 మందికి పైగా పోటీకి దిగి, మొత్తం అభ్యర్థులు 185 మంది కావడంతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చారు. కథ వింటూ కూర్చున్నవాళ్లు ఊ కొట్టడం మాని, లేచి కథలోకే నడిచి వచ్చిన సందర్భాలివి. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ధరావతు, అంటే నామినేషన్‌తో కట్టిన పైకం, పోతుందని తెలిసే వారు కట్టారు. 1996లోనే చట్టం సవరించి లోక్‌సభ ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, ఇప్పుడది 25,000. నీళ్ల సమస్య కంటే అభ్యర్థుల సంఖ్య సమస్యే త్వరగా పరిష్కారమైంది.

మిగిలింది ఓటరు. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే విక్రమార్కుడు అతనే. శవంలోని బేతాళుడు దారిపొడవునా కథ చెప్పి, చివర ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు. రాజు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కుతాడు. ఓటు ఎవరికని బేతాళుడు అడిగితే విక్రమార్కుడు ఏం చేయాలో తెలుగు ఓటరు కనిపెట్టాడు. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు ప్రచారం ఆగే దాకా, గుమ్మంలోకి వచ్చిన ప్రతి బేతాళుడికీ "మీకే అన్నా" అని ఒకే జవాబు చెప్పి, మౌనభంగం కాకుండా, తల పగలకుండా బయటపడతాడు.

ఆ జవాబును అభ్యర్థి నమ్మడానికి కారణం అతని అనుచరులు. ఏరు దాటిన తరువాత తమను తాము లెక్కించుకుంటూ, లెక్కపెట్టేవాడు తనను వదిలేయడం వల్ల ఒకడు తగ్గాడని ఏడ్చిన పరమానందయ్య శిష్యులది తక్కువ లెక్క. వీరిది ఎక్కువ లెక్క. పోలింగ్ జరిగిన రాత్రి ఏజెంట్లు బూత్‌ల వారీగా మెజారిటీలు చెబుతుంటే నోటు పుస్తకంలో కూడి చూసినవారికి, నియోజకవర్గంలో పోలైన ఓట్ల కంటే ఒక్క అభ్యర్థికి వచ్చిన ఓట్లే ఎక్కువని తేలుతుంది. ముగ్గురు ప్రధాన అభ్యర్థుల ఇళ్లలోనూ అదే రాత్రి అదే లెక్క తేలి, ముగ్గురూ లెక్కింపు నాటి ఊరేగింపుకు బాణసంచా దుకాణంలో అడ్వాన్సు కట్టేస్తారు. దుకాణదారు ముగ్గురికీ చేతులు జోడించి, మూడు అడ్వాన్సులూ గల్లాపెట్టెలో వేసుకుని, సరుకు మాత్రం ఒక్క ఊరేగింపుకు సరిపడా తెప్పిస్తాడు.